గేటు పక్క మొదటి జాగ

చనిపోయిన మనిషి ఫొటో అడ్డం పెట్టి బతికున్న మనిషి జాగ గుంజుకున్నారు. జరిగిన తప్పు ఇది. నాచారంలో, మా ఫ్యాక్టరీల పెద్ద గేటు పక్కన, పట్టపగలు జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్నీ దాచను. కానీ ముందు ఆ ఫొటోలో ఉన్న మనిషి ఎవరో చెప్పాలి. లేకపోతే ఈ గొడవంతా మూడు అడుగుల నేల కోసం అనుకుంటారు.

ఆమె మా పెద్దమ్మ. రాష్ట్రం వచ్చి రెండు నెలలు అయిందో లేదో, శ్రావణం మొదట్లో ఒక మంగళవారం పొద్దున, జొన్నపిండి జల్లెడ పడుతూ గోడకు ఒరిగిపోయింది. కొడుకు రామంతాపూర్ రూటులో షేర్ ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా కింద పెట్టాడట. అంతే.

నేను పనిచేసేది బకెట్లు, మగ్గులు తయారుచేసే ప్లాస్టిక్ కంపెనీలో, ప్యాకింగులో. షిఫ్టులో మా ఫోన్లు బయట పెట్టెలో పెట్టిస్తారు. అందుకని కబురు నడిచి వచ్చింది. మా అక్క వచ్చింది. అక్క సాయంత్రం నాలుగుకు ముందు గేటు వైపు రాదు. ఆ టైముకే అక్కడ రొట్టెల పొయ్యి వెలిగిస్తుంది. మధ్యాహ్నం పూట వాచ్‌మన్ లోపలికి వచ్చి "మీ అక్కొచ్చింది" అన్నప్పుడే ఏదో జరిగిందని తెలిసిపోయింది. బయట అక్క మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది. కడుక్కోవాలని కూడా తోచలేదు ఆమెకు.

"పెద్దమ్మ పోయిందే" అన్నది.

నేను వెనక్కి వెళ్లి సూపర్‌వైజర్‌ను అడిగాను. ఆయన చేతిలోని కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

"సొంత పెద్దమ్మనా?"

"కాదు సార్."

"అయితే షిఫ్ట్ అయినంక పో."

ఆ మాటకు నేనేమన్నానో రాస్తే ఈ పత్రిక వాళ్లు వేయరు. వెళ్లిపోయాను, అంతే.

సొంతం అంటే ఏమిటో ఆయనకు ఎట్లా చెప్పేది? ఆమె నాకు రక్తసంబంధం కాదు. గేటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వరుసగా పొయ్యిలు పెట్టుకుని జొన్నరొట్టెలు అమ్మే ఆడవాళ్లలో ఎవరికీ కాదు. అందరం పెద్దమ్మా అన్నాం. ఆమె పలికింది. బంధుత్వం అంతవరకే.

నేను నాచారం వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఏడో తరగతి దాకా బడికి పోయాను. ఆ తర్వాత చదువంతా పెద్దమ్మ వరుసలో రొట్టెలు చుట్టి ఇచ్చే పాత పేపర్లలోనే అయింది. తిన్నాక పేపరు పారేయకుండా చదివేదాన్ని. కథ సగంలో తెగిపోయేది. ఆమె చూసి, మిగిలిన సగం ఏ పొట్లంలో పోయిందోనని కట్టలో వెతికి ఇచ్చేది. ఆమెకు చదువు రాదు. చిరిగిన అంచులు జత కలిపి చూసేది. "గీ అంచు గా అంచుకు తగులుతున్నది, సూడు, గిదేనా?" అనేది. చాలాసార్లు అదే అయ్యేది.

మొదటిరోజు నేను నిలబడి తింటున్నాను. కూర్చోవడానికి సిగ్గు.

"ఏ ఊరే పిల్లా?"

చెప్పాను.

"గంత దూరం కెల్లి వచ్చి నిలవడి తింటున్నవా? బస్సులో నిలవడ్డది సాలలేదా? కూసో."

కూర్చున్నాను. ఎల్లిపాయ కారం ఇంకొంచెం వేసింది. ఉల్లిగడ్డ మాత్రం వేయలేదు. ఉల్లిగడ్డ దగ్గర ఆమె మహా పిసినారి. ఇది కూడా రాయాలి. పోయినవాళ్లందరినీ దేవతలను చేసి ఫ్లెక్సీ ఎక్కించేవాళ్లు వేరే ఉన్నారు. పెద్దమ్మ నోరు మంచిది కాదు. గోధుమరొట్టె అడిగిన వాళ్లను "దూది నములుతవా, పక్క దుకాణంల దొరుకుతది పో" అని పంపించేది. షుగర్ వచ్చిన వాళ్లు డాక్టరు చెప్పాడని హబ్సిగూడ వైపు నుంచి కార్లలో వచ్చి, అద్దం దించి, "నాలుగు పార్సిల్" అంటే, "దిగి రాండ్రి. నడిస్తెనే గా రోగం పోతది" అనేది. దిగేవాళ్లు కూడా. ఎవరన్నా మెచ్చుకుంటే ముఖం చిట్లించి, "పో పో, గిరాకి టైం" అని కసురుకునేది. ఒకసారి ఒకామె పక్కపొయ్యి రొట్టె మాడిపోయిందని గిరాకీ వినేటట్టు అన్నందుకు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోరోజు ఆమె పిండిమూట ఎత్తలేకపోతుంటే తానే పోయి ఎత్తిపెట్టి, మళ్లీ మాట్లాడకుండా వచ్చి కూర్చుంది.

ఇప్పుడు జాగ సంగతి.

గేటు పక్కన మొదటి జాగ అన్నిటికంటే మంచిది. షిఫ్టు వదిలితే జనం ముందు అక్కడికే వస్తారు. బస్సు దిగినవాళ్ల కళ్లూ ముందు దాని మీదే పడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆఖరి జాగ అన్నిటికంటే చెడ్డది. పక్కనే మురుగు పారే మోరీ, వెలుతురు సరిగా ఉండదు, అక్కడి దాకా నడిచి వచ్చేవాళ్లు తక్కువ. మీరే చెప్పండి, ఈ వరుస మొదలుపెట్టిన మనిషి ఎక్కడ కూర్చోవాలి? మేము చూసినన్నాళ్లూ పెద్దమ్మ మోరీ పక్కనే కూర్చుంది.

అది ఎట్లా మొదలైందో ఒకసారి వాన పడి గిరాకీ లేని సాయంత్రం తానే చెప్పింది. మొదట ఆమె ఒక్కతే. పాలమూరు వైపు నుంచి మొగుడితో వచ్చింది. ఆయన మూటలు మోస్తూ నడుం విరిగి మంచాన పడ్డాడు. ఈమె పొయ్యి తెచ్చి గేటు పక్కన పెట్టింది. వాచ్‌మన్లు తరిమితే పొయ్యి ఎత్తుకుని అటు, వాళ్లు లోపలికి పోతే మళ్లీ ఇటు. అట్లా ఆ జాగ నిలబెట్టుకుంది. కొన్నాళ్లకు ఇంకొకామె వచ్చి, ఈమెకు భయపడి దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూర్చుంది.

"మూడు దినాలు సూసిన" అన్నది పెద్దమ్మ. "పిండి పిసుకుతది, కూసుంటది. ఒక్కడు పోడు. పొద్దుగూకినంక గా పిండి ఆవులకు వెడుతది. జొన్నలకు పాలమూరుల మేం పడ్డ పాట్లు నాకెరుకే గదా. నాలుగోనాడు పోయి, లేసి పో అన్న. ఎల్లగొడుతున్న అనుకొని గొల్లున ఏడ్సింది పిచ్చిముండ. ఓసి, గట్ల గాదే, నా జాగకు పో అంటున్న!"

చెప్పి ఆమె నవ్వింది. మేము నవ్వలేదు.

ఆ రోజు నుంచి అది పద్ధతి అయింది. కొత్తామె ఎవరొచ్చినా గేటు పక్క మొదటి జాగలో కూర్చుంటుంది. మిగతావాళ్లంతా పొయ్యి, పీట, పిండిమూట, నీళ్ల బిందె ఎత్తుకుని ఒక్కొక్క జాగ ట్రాన్స్‌ఫార్మర్ వైపు జరుగుతారు. పెద్దమ్మ అందరికంటే చివర. నేను ఎందుకు అని అడిగాను ఒకసారి. నాకు ప్రతిదీ అడగడం రోగం.

"రుచి తెలిసినోడు నడిచి వస్తడు బిడ్డా. తెల్వనోడు నడ్వడు. గందుకే తెల్వనోడి ముంగట కొత్తదాన్ని కూసోవెట్టాలె. పాతదానికి పాత గిరాకి ఉంటది, యాడున్నా ఎతుక్కుంట వస్తరు."

ఈ మాట నేను ఏ పేపర్ పొట్లంలోనూ చదవలేదు.

ఆ మొదటి జాగకు ఒక పెనం కూడా ఉంది. పెద్దమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఇనుప పెనం, ఊళ్లో కమ్మరి కొట్టింది. ఒక చెవి విరిగింది. కొత్త పెనం మీద రొట్టె అంటుకుపోతుంది, చేయి తిరగని వాళ్లకు మొదటి వారమంతా చిరుగులే. అందుకని కొత్తామె ఆ పాత పెనం మీద చేస్తుంది. ఇంకో కొత్తామె వచ్చేసరికి తాను సొంత పెనం పదును చేసుకుని ఉండాలి. ఆ చెవి విరిగిన పెనం మాత్రం అక్కడే, మొదటి జాగలోనే ఉంటుంది. జాగ ఎవరిదీ కాదు, పెనమూ ఎవరిదీ కాదు. రాబోయే మనిషివి.

మా అక్క అట్లాగే కూర్చుంది. బావ ఇంకొకామెతో వేరే ఊళ్లో కాపురం పెట్టాక, అక్క నా గదికి వచ్చింది. నెల రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఆమెను నాతోపాటు ప్యాకింగులో పెట్టించాలని చూశాను. పెద్దమ్మ అడిగింది, "రొట్టె జేస్తదా?"

"చేస్తది. మాట్లాడదు."

"రొట్టెకు నోరెందుకే? చేతులు తోల్కరా."

ఆ సాయంత్రం వరుస జరగడం నేను మొదటిసారి చూశాను. నాలుగవుతోంది. పెద్దమ్మ లేచి చప్పట్లు కొట్టింది.

"లేవున్రి, లేవున్రి. జరుగున్రి."

"మల్లనా పెద్దమ్మా? మొన్ననే గదా జరిగినం" అని యాదమ్మ గొణిగింది. యాదమ్మది అప్పుడు రెండో జాగ, గిరాకీ బాగా పట్టుకున్న సమయం.

"నీకు కొత్తల మొదటి జాగ ఎవరిచ్చిన్రే?"

"నువ్వే ఇస్తివి."

"కాదు. నీ ముందలామె లేసి ఇచ్చింది. లే."

యాదమ్మ తిట్టుకుంటూనే లేచింది. తిట్టుకుంటూనే అక్క పొయ్యికి తన కట్టెల్లో నుంచి రెండు ఎండు కట్టెలు పడేసి పోయింది.

పెద్దమ్మ అక్క పక్కన కూర్చుంది, కానీ వీపు తిప్పుకుని. అక్క వేడినీళ్లు ఎక్కువ పోసింది. పిండి జారింది. మొదటి రొట్టె పీట మీదే చిరిగింది. నేను ఆగలేక, "జర నువ్వు చెయ్యి పెట్టు పెద్దమ్మా" అన్నాను. ఆమె తిరగలేదు.

"నేను చెయ్యి వెడితే నా రొట్టె అయితది. దానిది కావాలె."

రెండోది చిరిగింది. మూడోదానికి గుండ్రం వచ్చింది. పెనం మీద వేసి, పైన నీళ్లు రాసి, తిప్పి, గుడ్డతో అంచు నొక్కితే బుస్సున పొంగింది. అప్పుడే బస్సు దిగిన ఒకాయన ఆగి, "ఒకటియ్యమ్మా" అన్నాడు. అక్క నెల తర్వాత నోరు తెరిచింది. "కారం ఎయ్యాల్నా, పుంటికూర ఎయ్యాల్నా?" అంది. పెద్దమ్మ లేచి చీర దులుపుకుని, మోరీ పక్కనున్న తన పొయ్యి దగ్గరికి పోయింది. వెనక్కి చూడలేదు.

ఉద్యమం రోజులు కూడా ఆ వరుసలోనే గడిచాయి. బందులు పడితే ఫ్యాక్టరీలు మూత, గిరాకీ లేదు, అయినా పెద్దమ్మ బంద్ తప్పని ఒక్కనాడూ అనలేదు. వంటా వార్పు అని ఉప్పల్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టిన రోజు, ఇప్పుడు జాగ గుంజుకున్న సంఘం వాళ్లే వచ్చి మా వరుస మొత్తాన్ని రొట్టెలు చేయడానికి పిలుచుకుపోయారు. ఏరియా వ్యాపారుల సంఘం. వాళ్ల పేరు రాయను, మా గేటు తెలిసినవాళ్లకు తెలుసు. వాళ్ల ప్రెసిడెంటు సారు మెడలో గులాబీ కండువాతో పీట ముందు కూర్చుని, చేతికి పిండి రాసుకుని ఫొటో దిగాడు. "రోడ్డు మీద వంట! చరిత్రల ఉంటది పెద్దమ్మా!" అన్నాడు.

"రోడ్డు మీద వండుడు మాకు కొత్తనా సారు?" అన్నది పెద్దమ్మ. "మీకు కొత్త. జర జరుగుండ్రి, రొట్టె మాడుతది."

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. ఆయనా నవ్వాడు. "రాష్ట్రం రానియ్ పెద్దమ్మా, మీ పొయ్యిలు ఎవడు ముట్టుకుంటడో నేను సూస్త" అన్నాడు. చాలామంది విన్నారు. నేనూ విన్నాను. సారూ, ఎవరు ముట్టుకున్నారో ఇప్పుడు చూడండి.

పెద్దమ్మ పోవడానికి నాలుగు రోజుల ముందు బాలమణి వచ్చింది. వనపర్తి వైపు మనిషి. నాగోల్‌లో బిల్డింగ్ పని చేస్తూ మొగుడు పైనుంచి పడి పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె గేటు ముందు అటూ ఇటూ మూడుసార్లు తిరగడం చూసి పెద్దమ్మే కేక వేసింది. కూర్చోబెట్టి పిండి చేతికిచ్చి ఒక రొట్టె చేయించింది. తిన్నది. "గురువారం కెల్లి కూసో" అన్నది. శనివారం నాడే చప్పట్లు కొట్టి అందరినీ ఒక జాగ జరిపింది. మూడు రాళ్ల మీద చెవి విరిగిన పెనం బోర్లించి పెట్టింది. ఖాళీ జాగ, బోర్లించిన పెనం. ఎవరో రాబోతున్నారని మా వరుసలో దానికి అర్థం.

గురువారానికి ముందు మంగళవారం వచ్చింది.

ఇక నా తప్పు.

బుధవారం, మట్టి చేసి వచ్చిన మర్నాడు, సంఘం వాళ్లు పెద్దమ్మ ఇంటికి వచ్చారు. నలుగురూ చెప్పులు బయట విడిచి, కింద కూర్చుని, మంచి మాటలే మాట్లాడారు. అది కాదనను. కొడుకు ఏడుస్తూ మాట్లాడే స్థితిలో లేడు. ప్రెసిడెంటు సారు నన్ను అడిగాడు.

"నివాళి ఫ్లెక్సీ వెడుదమనుకుంటున్నం చెల్లె. ఫొటో ఉన్నదా? యాడ వెడితే బాగుంటది?"

ఫొటో నా దగ్గరే ఉంది. ఆమెకున్నది అదొక్కటే, నేను నా ఫోన్‌లో తీసి కడిగించింది. ఇచ్చాను. చోటు గురించి అడిగితే నాకు మోరీ గుర్తొచ్చింది. పన్నెండేళ్లకు పైగా మోరీ వాసన పీల్చిన మనిషిని మళ్లీ మోరీ పక్కన నిలబెడతారా అని కడుపు మండింది. అందరి ముందూ గట్టిగా అన్నాను: "గేటు పక్క మొదటి జాగ మా పెద్దమ్మదే. అక్కడ పెట్టున్రి."

ఆమె జీవితమంతా 'ఎవరిదీ కాదు' అని నిలబెట్టిన జాగను నేను ఒక్క మాటతో ఆమె పేరు మీద రాసేశాను. గౌరవం అనుకున్నాను. అక్క నా వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. నెల రోజులు మాట్లాడని మనిషి, ఆ ఒక్క నిమిషం మాట్లాడి ఉంటే బాగుండేది. కానీ తప్పు ఆమెది కాదు.

గురువారం పొద్దున, మా వాళ్లెవరూ అక్కడ లేని వేళ, ఇనుప ఫ్రేము తెచ్చి కాళ్లు సిమెంటులో పాతారు. మూడు రాళ్లు పక్కకు తన్నేశారు. పెనం మోరీ పక్కన దొరికింది. ఫ్లెక్సీలో సంఘం వాళ్ల ముఖాలు తొమ్మిది, మా పెద్దమ్మ ముఖం మూలన, వాళ్లందరి కంటే చిన్నగా. సరే, అది కూడా ఓర్చుకున్నాం. దినాలు అయ్యేదాకా పొయ్యిలు వెలిగించకూడదని అందరం ఇళ్లలోనే ఉన్నాం. దినాలు చేసి పన్నెండో రోజు పొయ్యిలు ఎత్తుకుని వచ్చేసరికి ఫ్లెక్సీ కింద ఇనుప డబ్బా దుకాణం దిగి ఉంది. రంగు వేసి, తాళం వేసి. నెత్తిన బోర్డు, బోర్డు మీద నేనిచ్చిన ఫొటో, పక్కన 'జొన్నరొట్టెల పాయింట్' అని. ప్రెసిడెంటు సారు బామ్మర్దిదట.

నేను షిఫ్టు దుస్తుల్లోనే వాళ్ల ఆఫీసుకు పోయాను. అక్క, యాదమ్మ, బాలమణి కూడా వచ్చారు.

"సారు, గా డబ్బా తీయించున్రి. అక్కడ బాలమణి కూసోవాలె."

"బాలమణి ఎవరు? గా జాగ మీ పెద్దమ్మది అని నువ్వే అంటివి గదా చెల్లె, పదిమంది ముంగట. ఆమె స్వర్గానికి వాయె. ఇగ జాగ ఖాళీనే గదా."

"ఆమె అక్కడ కూసునేదే కాదు సారు. ఆమె మోరీ పక్కన కూసునేది."

"మరి గట్లెందుకన్నవ్?"

నేను యాదమ్మ వైపు చూశాను.

యాదమ్మ అందుకుంది. "గా జాగ కొత్తోళ్లది సారు. మేమందరం ఆడ కూసొనే ఈడికి వచ్చినం."

"కాగితం ఉన్నదా?"

"మా వరుసే కాగితం."

ఆయన నవ్వాడు. చెడ్డగా నవ్వలేదు, చిన్నపిల్లల మాటకు నవ్వినట్టు నవ్వాడు. నాకు దానికే ఎక్కువ మండింది. "సూడు అక్కా, మీ ఆరు పొయ్యిలు మేం ముట్టలే. గామెకు జాగ కావాలంటే ట్రాన్స్‌ఫార్మర్ కాడ మీ పెద్దమ్మ జాగ ఖాళీగ ఉన్నది గదా, ఆడ కూసోమను. లేకుంటే మా బామ్మర్ది డబ్బాల పని చెయ్యమను. నెలనెల జీతం. రొట్టెలు మంచిగ జేస్తదంట గదా?"

బాలమణి అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉంది. బయటికి వచ్చాక, నడుస్తూ నడుస్తూ, నేల చూస్తూ అన్నది: "అక్కా, జీతమైనా సరే. పిల్లలు ఎన్ని దినాలు ఆగుతరు? నెల మాసికం దాకా ఆగుత. గప్పటికి జాగ రాకుంటే డబ్బాలకు పోత. ఏమనుకోకున్రి."

ఏమనుకుంటాం? ఆమెను ఒక్క మాట అనే అర్హత నాకు లేదు. జీతానికి పనిచేయడం తప్పని కూడా నేను అనను, నేనూ జీతానికే బకెట్లు సర్దుతాను. కానీ ఆ డబ్బా ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బాలమణి చేసే రొట్టె తినేవాడికి బోర్డు మీది ఫొటో కనబడుతుంది, బాలమణి కనబడదు. ఆమె ఇంకో కొత్తామె కోసం లేచి ఒక జాగ జరగలేదు. తనది కాని జాగ నుంచి ఎవరు జరుగుతారు? వరుస అక్కడితో ఆగిపోతుంది. పెద్దమ్మ మంగళవారం పోయింది. ఆమె పని ఇంకా పోలేదు. బాలమణి ఆ డబ్బాలోకి పోయిన రోజున పోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూర్చోమన్నారు కదా. అక్కడ కొత్తామె కూర్చుంటే ఏమవుతుందో పన్నెండేళ్ల కిందటే ఆవులు తిని చూశాయి. అందుకే, సారూ, మా అక్క అక్కడికి జరుగుతానంటోంది. పెద్దమ్మ జాగ, మోరీ పక్కన. "నా గిరాకి నడిచి వస్తది" అన్నది. యాదమ్మ తానే పోతానని దానితో పోట్లాడుతోంది. వీళ్లు చెడ్డ జాగ కోసం కొట్లాడుకుంటున్నారు. మీరు మంచి జాగకు తాళం వేసుకున్నారు. పెద్దమ్మ దగ్గర ఎవరేం నేర్చుకున్నారో ఇంతకంటే విడమరిచి చెప్పలేను.

ఇది చదివేవాళ్లలో ఆ గేటు నుంచి రోజూ బయటికి వచ్చేవాళ్లు ఉన్నారు. బస్సు దిగి ముందుగా కళ్లు అటు తిప్పినవాళ్లు ఉన్నారు. మీరు మొదటిసారి తిన్న రొట్టె చేసిన ఆమె ఇప్పుడు ఏ జాగలో ఉందో గుర్తు చేసుకోండి. మీరు నడిచి వెళ్లే ఉంటారు.

పెనం మా గదిలో ఉంది. మోరీ బురద కడిగి, అక్క రోజూ పొయ్యి మీద పెట్టి ఒక రొట్టె కాలుస్తోంది. ఖాళీగా ఉంచితే తుప్పు పడుతుందని. ఆ రొట్టె మేము తినడం లేదు. పొద్దున బాలమణి పిల్లలకు పంపిస్తోంది.

మొదటి జాగ పెద్దమ్మది కాదు. నేనన్న మాట తప్పు. ఇదిగో, అచ్చులో వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఆ మాట పట్టుకుని దింపిన డబ్బా మీరు వెనక్కి తీసుకోండి. ఫ్రేము కాళ్లు పీకి ఆ గుంతలు పూడ్చండి. ఫొటో నాకు తిరిగి ఇవ్వండి. నెల మాసికం ఆదివారం. మీ జవాబు దానికి ముందు రోజు, శనివారం సాయంత్రం నాలుగు గంటలకల్లా రావాలి. కాగితం అక్కర్లేదు, గేటు దగ్గరికి వచ్చి చెప్పండి. నాలుగింటికి వరుసంతా పొయ్యిలు ఎత్తుకుని నిలబడి ఉంటుంది. ముందు బాలమణి ఉంటుంది, చేతుల్లో చెవి విరిగిన పెనంతో. దాన్ని ఎక్కడ దించాలో మీరే చెప్పండి. శనివారం, నాలుగు గంటలు.